మేకుకు తగిలించిన రబ్బరు

ఆ వేళ ఆకాశం ఏ సంగతీ తేల్చి చెప్పలేదు. తూర్పున వెలుతురుంది గాని సూర్యుడు లేడు. పడమట మబ్బుంది గాని వాన లేదు. మధ్యలో మంచు జలాశయం మీదికి దిగి, పిలవకుండా వచ్చిన చుట్టంలా తిష్ఠ వేసింది. ఏడు గంటలకు అవతలి ఒడ్డుకు వెళ్ళాల్సిన లాంచీ ఇంకా రేవులోనే కట్టేసి ఉంది.

"మంచు విడిచేసరికి ఎనిమిదిన్నరవుతుంది" అన్నాడు సరంగు, చుక్కాని పక్కన కూర్చుని చెవిలో పుల్ల తిప్పుకుంటూ. "ఎలాగూ ఆగాం గదా మేస్త్రీ. రేపు మార్చాల్సిన ఆయిలు ఇవాళే మార్చెయ్యకూడదూ?"

మేస్త్రికి తొందర పనులు గిట్టవు. అయినా గంటన్నర తక్కువేమీ కాదు. సరేనని సంచీ భుజాన వేసుకుని ఇంజను గదిలోకి దిగాడు. కుడిచేతి చూపుడు వేలికి కట్టు ఉంది. మొన్న రేకు కోసుకుంది. ఇల్లాలు గుడ్డ మీద గుడ్డ చుట్టి కట్టేసరికి వేలు చిన్న వంకాయంత అయింది.

దాన్ని గది అనడం మర్యాద కోసమే. మోకాళ్ళ మీద కూర్చున్నా తల పైచెక్కకు తగులుతుంది. ఇంజను నడుం దాకా పడవ అడుగులో దిగబడి ఉంటుంది. లారీకైతే కిందికి దూరి, మర విప్పి, తట్ట పెట్టి ఆయిలు దింపుకోవచ్చు. ఇక్కడ ఇంజను కిందికి బొద్దింక కూడా దూరలేదు. పైగా ఒలికిన ఆయిలు తిన్నగా అడుగున ఊటనీరు చేరే గుంటలోకి పోతుంది. గుంటలో నీరు పెరిగితే పంపు దానంతటదే తిరిగి జలాశయంలోకి తోసేస్తుంది. ఊరంతా తాగేది ఆ నీళ్ళే. అందుకని మేస్త్రి చుక్క కూడా కింద పడనివ్వడు. రేవులో ఆ పేరు అతనికి ఎప్పటినుంచో ఉంది.

పది నిమిషాలు ఇంజను తిప్పి ఆపాడు. చల్లటి ఆయిలు మొండికేస్తుంది, కాగిన ఆయిలు చెయ్యి కాలుస్తుంది, గోరువెచ్చగా ఉన్నప్పుడే మాట వింటుంది. ఆయిలు కొలిచే పుల్ల పైకి లాగి, ఆ కన్నంలోంచి సన్నని గొట్టం అడుగుదాకా దించాడు. గొట్టం రెండో కొస చేతిపంపుకు, పంపు మూతి బిగించిన డబ్బాకు. పంపు కొడుతుంటే నల్లటి ఆయిలు గుటకలు గుటకలుగా డబ్బాలోకి దిగింది. గొట్టం గాలి పీల్చి గురక పెట్టేదాకా లాగాడు.

తర్వాత ఫిల్టరు. దాని కింద సగానికి కోసిన డబ్బా పెట్టి, చుట్టూ పాత గుడ్డలు కుక్కాడు. ఫిల్టరుకు మందపాటి ప్లాస్టిక్ సంచీ తొడిగి, సంచీ పైనుంచే పట్టుకుని తిప్పాడు. ఫిల్టరు ఊడి సంచీలో పడింది. కారాల్సిన ఆయిలంతా అందులోనే కారనిచ్చి, మూతి ముడేశాడు.

ఫిల్టరుకూ ఇంజనుకూ మధ్య చేతిగాజులా గుండ్రటి రబ్బరు ఒకటుంటుంది. అది పాత ఫిల్టరుతో పాటు ఊడి రావాలి. ఒక్కోసారి రాదు, ఇంజనుకే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని, ఎప్పుడో ఒకప్పుడు జారి, ఆయిలు పిచికారీ కొడుతుంది. ఆ చోటు కంటికి ఆనదు. అందుకని మేస్త్రి గుడ్డతో తుడిచి, చూపుడు వేలితో చుట్టూ ఒక సున్నా చుడతాడు. ఇరవై ఏళ్ళుగా ఆ సున్నా చుట్టకుండా ఏ ఫిల్టరూ బిగించలేదు. పాత రబ్బరును సంచీలోంచి తీసి, షెడ్డులో తలుపు వెనక మేకుకు తగిలిస్తాడు. మేకు మీద అవి దండలా వేలాడుతుంటాయి. "మా బావ బిరుదులు" అంటాడు బావమరిది, ఎవరు షెడ్డుకు వచ్చినా చూపించి.

ఆ వేళ కూడా వేలు సున్నా చుట్టింది.

కొత్త ఫిల్టరు పెట్టె చింపి బోర్లిస్తే ఫిల్టరూ, మడత కాగితం, ఇంకేవో చిల్లర సామాన్లూ గుడ్డల మీద పడ్డాయి. అప్పుడే పైన హారను మోగింది.

"మంచు లేచిపోయింది మేస్త్రోయ్!" సరంగు కేక. "జనం నా నెత్తినెక్కి కూర్చున్నారు!"

కొత్త ఫిల్టరు రబ్బరుకు వేలితో ఆయిలు రాసి బిగించాడు. కొత్త ఆయిలు పోశాడు. ఇంజను తిప్పించి, ఫిల్టరు కింద తెల్లకాగితం పరిచి, రెప్ప వెయ్యకుండా పది నిమిషాలు చూశాడు. కాగితం తెల్లగానే ఉంది. గుడ్డలు మూటగడుతుంటే వాటి మధ్య నల్లటి రబ్బరు ఒకటి కనబడింది, ఆయిలోడుతూ. సంచీ ముడి విప్పి వెతికే పని తప్పింది. జేబులో వేసుకున్నాడు. షెడ్డుకు పోయి మేకుకు తగిలించాడు.

*

బావమరిది అదే లాంచీలో తాళ్ళ పని చేస్తాడు. ఒడ్డుకు తాడు విసరడం, కట్టడం, జనాన్ని ఎక్కించడం, దించడం. మనిషి ఆరడుగుల పైన ఉంటాడు, రేవులో అందరూ పొడుగు అనే పిలుస్తారు. పెళ్ళీ పెటాకులూ లేవు. ఉండేది రేవు గదిలో, రెండు పూటలా తినేది అక్క ఇంట్లో.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుంటూనే అన్నాడు.

"బావా, నీ ఫిల్టరు దగ్గర చుక్క కారుతోంది. చేత్తో కాస్త బిగించాను."

మేస్త్రి ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "నా ఫిల్టరా?"

"మరి నాదా?"

"నిన్ను లోపలికి ఎవడు దిగమన్నాడ్రా? నువ్వు దిగాలంటే ముందు ఇంజను బయటికి రావాలి."

"దిగాను కాబట్టే ఈ బొప్పి. చూడు." తల వంచి చూపించాడు. "చుక్కైతే కారింది బావా. ఒట్టు."

"నేను పది నిమిషాలు కాగితం పెట్టి చూశాను. పైనుంచి నీళ్ళు పడుంటాయి."

"నల్లటి నీళ్ళా?"

"ఒరేయ్, నీ తాళ్ళ సంగతి నువ్వు చూసుకో. నా ఇంజను సంగతి నేను చూసుకుంటాను."

"ఇద్దరూ ఆ ఇంజనును మధ్యలో కూర్చోబెట్టుకున్నారు" అంది ఇల్లాలు, కూర వడ్డిస్తూ. "దానికీ ఒక కంచం పెట్టెయ్యనా?"

బావమరిది నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. పొద్దున్నే వెళ్ళి చూద్దామనుకున్నాడు. చూస్తే పొడుగు మాట నిజమని ఒప్పుకున్నట్టవుతుందనుకున్నాడు. వెళ్ళలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం లాంచీ జలాశయం నడిమధ్యన ఉండగా గంట మోగింది. ఆయిలు ఒత్తిడి పడిపోతే మోగే గంట అది. సరంగు వెంటనే ఇంజను ఆపాడు కాబట్టి ఇంజను బతికింది. కాని అప్పటికే ఫిల్టరు పక్కనుంచి ఆయిలంతా చిమ్మి గుంట నిండింది. పంపు తన పని తాను చేసుకుపోయింది, బావమరిది పరుగెత్తి తీగ పీకేదాకా. రెండో లాంచీ వచ్చి లాక్కొచ్చేసరికి, నీళ్ళ మీద రంగురంగుల తెట్టు ఊరికి నీళ్ళు తోడే గోపురం దాకా పరుచుకుంది. ఆ సాయంత్రం ఊళ్ళో కుళాయిలు కట్టేశారు.

పిలుపొచ్చింది. రేవు సూపరింటెండెంటు గదిలో బల్లకు ఇటు మేస్త్రి, బావమరిది, సరంగు నిలబడ్డారు.

"ఊరి నోరు ఎండగట్టిన ఘనత మనకు దక్కింది" అన్నాడు సూపరింటెండెంటు. "చెప్పు మేస్త్రీ. పాత రబ్బరు తీశావా, లేదా?"

మేస్త్రి షెడ్డుకు వెళ్ళి, మేకు మీద అన్నిటికన్నా పైనున్న రబ్బరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని కిందున్న కాగితం మీద చిన్న ఆయిలు సున్నా పడింది. సూపరింటెండెంటు దానికేసి చూసి తలాడించాడు. మేస్త్రి మేకు సంగతి రేవులో తెలియనివాళ్ళు లేరు.

"అయితే ఆ తర్వాత ఎవరు చెయ్యి పెట్టారు?"

సరంగు చెవిలో పుల్ల ఆగిపోయింది.

"నేనే సార్" అన్నాడు బావమరిది. "చుక్క కారుతుంటే బిగించాను. చేత్తోనే."

"చేత్తోనా, రెంచితోనా?"

"చేత్తోనే సార్."

సూపరింటెండెంటు మేస్త్రి వైపు తిరిగాడు. "తెలియనివాడు ఎక్కువ బిగిస్తే రబ్బరు తెగుతుందా?"

మేస్త్రి ఆలోచించాడు. అడిగినదానికి ఉన్న జవాబు ఒకటే.

"తెగొచ్చు సార్."

"విన్నావుగా" అని సూపరింటెండెంటు కలం మూత తీశాడు. "రేపట్నుంచి నువ్వు లాంచీ ఎక్కక్కర్లేదు. పై ఆఫీసుకు రాస్తున్నాను, వాళ్ళు ఏమంటారో చూద్దాం. మేస్త్రీ, కాగితం వచ్చేదాకా ఇంజను జోలికి ఎవరూ పోవద్దు."

బయటికొచ్చాక బావమరిది ఏమైనా అంటాడని మేస్త్రి ఎదురుచూశాడు. అతను గుమ్మం తలకు తగలకుండా వంగి, మెట్లు దిగి, తన గది వైపు వెళ్ళిపోయాడు. గుమ్మాల దగ్గర అంత జాగ్రత్తగా వంగడం మేస్త్రి ఎన్నడూ చూడలేదు.

*

ఆ పూట బావమరిది భోజనానికి రాలేదు. మర్నాడూ రాలేదు. ఇల్లాలు రోజూ మూడో కంచం కడిగి, తుడిచి, మళ్ళీ గూట్లో పెట్టేస్తోంది.

కుళాయిలు వదిలేదాకా వీధిలో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నీళ్ళ బండి కోసం నిలబడ్డారు. ఇల్లాలు కూడా నిలబడింది. "మీ తమ్ముడి పుణ్యమా అని మాకు నడక అలవాటవుతోందమ్మా" అంది ఒకావిడ. "తాళ్ళు కట్టేవాడికి ఇంజను ఎందుకట?" అంది ఇంకొకావిడ. ఇల్లాలు బిందె నింపుకుని వచ్చి, అరుగు మీద దించి, మొగుడి కేసి చూసింది.

"రబ్బరు తెగిందని చెప్పారా?"

"తెగొచ్చు అన్నాను."

"తెగొచ్చు అన్నదానికీ తెగింది అన్నదానికీ వాళ్ళకు తేడా తెలుస్తుందా?"

మేస్త్రికి అంతా అయోమయంగా ఉంది. వేలు సున్నా చుట్టిన మాట నిజం. రబ్బరు మేకు మీద ఉన్న మాట నిజం. కాగితం తెల్లగా ఉన్న మాట నిజం. ఈ మూడూ కలిపితే తన పని సరిగ్గా ఉన్నట్టు. బావమరిది అబద్ధమాడేవాడు కాడు, అదీ నిజమే. చేత్తో బిగిస్తే రబ్బరు తెగదు. రెంచితో బిగించి చేత్తో అన్నాడా? పొడుగు చిన్నప్పుడు పలక పగలగొడితే ముక్కలు తెచ్చి చేతిలో పెట్టిన రకం. మరి చుక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆలోచన తాడు చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికే వచ్చి పడేది.

షెడ్డుకు తాళం వేసి ఇంటికి సగం దూరం వచ్చి, వేశానా లేదా అని వెనక్కి వెళ్ళాడు. వేసే ఉంది. ఇంకో లాంచీకి బెల్టు మార్చి, మూడుసార్లు లాగి చూశాడు. తన చేతుల మీద తనకు అనుమానం రావడం అతనికి కొత్త. పక్కవాడి చేతుల్ని చూసినట్టు వాటి కేసి చూసుకునేవాడు.

నాలుగో రోజు పొద్దున ఇల్లాలు అరుగు మీద కూర్చుని అతని వేలి కట్టు విప్పుతోంది. గాయం మానిపోయింది.

"నేను రోజూ కూరలో ఉప్పు వేశానా లేదా అని తికమకపడతాను" అంది, తల ఎత్తకుండానే. "వేసినట్టే గుర్తుంటుంది. నిన్న వేసింది గుర్తో, ఇవాళ వేసింది గుర్తో ఎవరికి తెలుసు? అందుకని గుర్తును నమ్మను. నాలిక మీద వేసుకు చూస్తాను. మీరు దేంతో చూశారు?"

"వేలితో."

"ఏ వేలితో?"

ఆవిడ చేతిలో కట్టు గుడ్డ పొరలు పొరలుగా విడిపోతోంది. ఒకటి, రెండు, మూడు. అడుగున వేలు నీళ్ళలో నానినట్టు తెల్లగా బయటపడింది.

మేస్త్రి లేచాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి షెడ్డుకు నడిచాడు.

సూపరింటెండెంటు ఆ రబ్బరు తిరిగి ఇచ్చిన రోజే మళ్ళీ మేకుకు తగిలించి ఉంచాడు. తలుపు తీసి, వెలుతురులో నిలబడి, మొదట కింది రబ్బరొకటి పట్టుకున్నాడు. గట్టిగా, చదునుగా, ఒక పక్క అద్దంలా నున్నగా ఉంది. ఆరునెలలు ఇనుముకు ఒత్తుకుని ఉన్న ఏ రబ్బరైనా అలాగే అవుతుంది. ఇంకొకటి పట్టుకున్నాడు. అదీ అంతే. అప్పుడు పైదాన్ని కట్టు విప్పిన వేలితో తాకాడు.

మెత్తగా ఉంది. ఎక్కడా అణగకుండా గుండ్రంగా ఉంది. గోరుతో నొక్కితే గీత పడి, చూస్తుండగానే పూడిపోయింది.

అది ఏ ఇంజనుకూ ఎన్నడూ ఒత్తుకోని రబ్బరు. కొత్త ఫిల్టరు పెట్టెలో అదనంగా వచ్చింది. చిల్లర సామాన్లతో పాటు గుడ్డల మీద పడి, ఆయిలు పూసుకుని, పాతదానిలా కనబడింది. సంచీ ముడి విప్పి చూసి ఉంటే పాత ఫిల్టరుకు రబ్బరు లేదన్న సంగతి అప్పుడే తెలిసేది. వేలు సున్నా చుట్టింది, నిజమే. గుడ్డ చుట్టిన వేలికి ఇనుమేదో, ఇనుములా బిగిసిన రబ్బరేదో తెలియలేదు. చుక్క కారినప్పుడు పొడుగు బిగించబట్టే మర్నాటి మధ్యాహ్నం దాకా అయినా ఆగింది.

మేస్త్రి ఆ రబ్బరును మేకు మీంచి తీసి జేబులో వేసుకున్నాడు.

*

అదే పొద్దున పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సూపరింటెండెంటు రేవు మీదే ఎదురయ్యాడు.

"మేస్త్రీ, ఇంజను విప్పెయ్. ఆ తెగిన రబ్బరు తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టు, ఫైలుకు జత చేసేస్తాను. ఇంకెవరూ అక్కర్లేదు, నువ్వొక్కడివి చాలు. నీ మీద నాకు నమ్మకముంది."

ఆ చివరి మాటకు మేస్త్రి తల దించుకున్నాడు. ఒక్కడే దిగితే రెండు రబ్బర్లలో ఒకటి జేబులో వేసుకుని, రెండోది గోరుతో కాస్త చీల్చి తెస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అంత తేలిక.

"పొడుగును పిలిపించండి సార్" అన్నాడు.

"వాడెందుకు?"

"లైటు పట్టడానికి."

బావమరిది వచ్చాడు. మొహం చూడకుండా లైటు అందుకున్నాడు. దిగుతూ తల పైచెక్కకు కొట్టుకున్నాడు.

మేస్త్రి డబ్బా పెట్టాడు, గుడ్డలు కుక్కాడు, సంచీ తొడిగాడు, తిప్పాడు. ఫిల్టరు సంచీలో పడింది. సంచీని వెలుతురుకు పెట్టి చూపించాడు. ఫిల్టరు మీద దాని రబ్బరు దానికే ఉంది, ఒక పక్కకు జారి. ఎక్కడా తెగలేదు.

"ఇప్పుడు ఇంజను మీద వేలు పెట్టి చూడు. ఇదిగో, ఇక్కడ. చుట్టూ తిప్పు."

"నేనా?"

"నువ్వే."

బావమరిది పొడుగాటి చెయ్యి ఇంజను వెనక్కి వెళ్ళింది.

"ఏముంది?"

"నున్నగా ఉంది బావా. ఇనుములా."

"ఇనుము కాదు. గోరు దూర్చి లాగు."

ఏదో పటుక్కున ఊడింది. బావమరిది అరచేతిలో చదునుగా, గట్టిగా, ఒక పక్క మెరుస్తూ పాత రబ్బరు. అతను దానికేసి చూశాడు. తర్వాత మేస్త్రి చేతిలోని సంచీ కేసి. మళ్ళీ రబ్బరు కేసి. మనిషికి అర్థమవుతున్న కొద్దీ లైటు కిందికి వాలిపోయింది.

అప్పుడే మేస్త్రి చేతిలో సంచీ ఒరిగింది. ఆయిలు మణికట్టు మీదుగా పాకి, మూడు చుక్కలు చెక్క మీద పడ్డాయి. ఇరవై ఏళ్ళలో అతని చేతిలోంచి పడ్డ మొదటి మూడు చుక్కలు. బావమరిది వంగి, గుడ్డముక్కతో వాటిని తుడిచి, గుడ్డ జేబులో పెట్టుకున్నాడు.

పైన, సూపరింటెండెంటు బల్ల మీద మేస్త్రి మూడు రబ్బర్లు వరసగా పెట్టాడు. మేకు మీది కొత్తది, ఫిల్టరు మీది జారినది, ఇంజనుకు అంటుకున్న పాతది. ఏది ఎక్కడిదో చెప్పాడు. కట్టు సంగతి చెప్పాడు. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది.

"కాగితం పైకి వెళ్ళిపోయిందయ్యా, వాడి పేరుతో" అన్నాడు సూపరింటెండెంటు. మూడు రబ్బర్లనూ మార్చి మార్చి చూశాడు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"ఇంకో కాగితం రాయండి సార్."

"నీ పేరు రాయాలా?"

"రాయండి."

"రాస్తే ఊరుకోరు. నిన్ను ఇంజను గదిలోకి అడుగు పెట్టనివ్వరు."

"అవును సార్."

సూపరింటెండెంటు కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. "సరే. పొడుగును రేపు లాంచీ ఎక్కమను. నువ్వు షెడ్డు తాళం ఇచ్చి వెళ్ళు."

మేస్త్రి తాళం తీసి రబ్బర్ల పక్కన పెట్టాడు.

బావమరిది మెట్ల కింద నిలబడి ఉన్నాడు. మేస్త్రి అతని పక్కనుంచి నడిచాడు. నాలుగడుగులు వేశాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. దారి పొడుగునా ఆ చప్పుడు అంతే దూరంలో వచ్చింది.

ఇల్లాలు గుమ్మంలోంచి ఇద్దర్నీ చూసింది. గూట్లోంచి మూడో కంచం తీసింది. మేస్త్రి పెరట్లో సబ్బుతో చేతులు రుద్దుకుంటుంటే బావమరిది చెంబు తీసుకుని నీళ్ళు పోశాడు. గాయం మచ్చ దగ్గర ఆయిలు నలుపు సన్నగా మిగిలిపోయింది. మరో చెంబు పోశాడు. అయినా పోలేదు.

ముగ్గురూ కూర్చున్నారు. మేస్త్రి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. కూరలో ఉప్పు లేదు. బావమరిది కూడా ఆగాడు. అతను చెయ్యి చాచి ఉప్పు గిన్నె అందుకుని, తన కంచంలో చిటికెడు వేసుకుని, గిన్నెను బావ వైపు జరిపాడు. మేస్త్రి చిటికెడు వేసుకుని ఇల్లాలి వైపు జరిపాడు. ఆవిడ గిన్నె కేసి చూసి, ఇద్దరి కేసీ చూసి, తనూ వేసుకుంది. ముగ్గురూ తిన్నారు.